యజమాని వంతు, మన పరిమితి
(భవిష్యనిధిని గూర్చి గృహిణులు తెలిసికొనవలసిన సంగతులు)

ధనమును గూర్చి మన పెద్దలు నాలుగు పనులు చెప్పియున్నారు. లేనిదానిని సంపాదించుట యొకటి. సంపాదించినదానిని కాపాడుట రెండవది. కాపాడినదానిని వృద్ధిచేయుట మూడవది. వృద్ధియైనదానిని తగినచోట వినియోగించుట నాలుగవది. పంచతంత్రమున వర్ధమానుడను వర్తకుని కథారంభమున నీ విచారమే కలదు. మొదటిపని పురుషులదనియు, తక్కిన మూడును ఇల్లాలివనియు మన యిండ్లలో చిరకాలముగా వాడుక. ఇప్పుడు మొదటిపనియందును స్త్రీలు పాలుగొనుచున్నారు. ఐనను బియ్యము ధర, పాలవాని లెక్క, చీటీపాట తేదీ, తులము బంగారము వెల తడుముకొనక చెప్పగల గృహిణులలో ననేకులకు తమ యింటి ధనములో పెద్దభాగమొకటి కంటికి కానరాకయే యున్నది. అది జీతము చేతికి రాకమునుపే తరిగి వేఱొకచోట చేరు సొమ్ము. వృద్ధాప్యమునకై నిలువయగు ఆ సొమ్మునకే భవిష్యనిధి యని పేరు. వాడుకలో ప్రావిడెంటు ఫండు అందురు.

తక్కిన పొదుపులకు లేని విశేషమొకటి దీనికి కలదు. పోస్టాఫీసులో మనము నూఱు రూపాయలు వేసిన నూఱే పడును. భవిష్యనిధిలో ఉద్యోగి తన వంతు వేసినప్పుడు, పని యిచ్చిన యజమానియు తన వంతు వేయవలెను. ఇచటనే చాలమందికి సందేహము కలుగుచున్నది. ఈ నిధులకు ప్రభుత్వమువారు కొన్ని పరిమితులు పెట్టియున్నారుగదా. యజమాని వేసిన సొమ్ము కూడ మన పరిమితిలో చేరునా? చేరినచో మనము వేయదగిన సొమ్ము ఆ మేరకు తగ్గునా? యజమాని యెక్కువ వేసినకొలది మనకు చోటు తక్కువయగునా?

సంగ్రహముగా చెప్పవలెనన్న సమాధాన మిది: యజమాని వంతు మన పరిమితిని తినివేయదు. దానికి వేఱొక పరిమితి కలదు. ఈ రెంటిని ఒకటిగా భ్రమించుటచే కొందఱు వేయదగిన సొమ్ము వేయక నష్టపడుచున్నారు. మఱికొందఱు పరిమితి దాటి పన్ను కట్టుచున్నారు. కావున దీనిని కొంచెము విపులముగా విచారింతము.

రూపాయికి అణా

మన దేశమున ప్రభుత్వోద్యోగుల భవిష్యనిధులకు 1925లోనే చట్టమేర్పడినది. కర్మాగారములలోని పనివారికి మాత్రము స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1951 నవంబరు 15న నొక ఆర్డినెన్సును, 1952లో చట్టమును వచ్చినవి. మొదట సిమెంటు, సిగరెట్లు, ఇంజనీరింగు సామగ్రి, ఇనుము ఉక్కు, కాగితము, బట్టల మిల్లులు అను ఆరు పరిశ్రమలకే అది వర్తించెను. అప్పటి వంతు నూటికి ఆరుంబాతిక. అనగా రూపాయికి సరిగా ఒక అణా. పనివాడు అణా వేసిన యజమానియు అణా వేయవలెను. లెక్క తెలియనివారికిని తెలియునట్టి ఈ సరివంతు పద్ధతియే నేటికిని మూలము. క్రమముగా హెచ్చుచు 1997లో అది చాల సంస్థలకు నూటికి పండ్రెండుగా నిర్ణయింపబడినది. బీడీ, ఇటుక, జనపనార మొదలగు కొన్ని పరిశ్రమలకు నూటికి పదియే.

బీడీల మాట వచ్చినది గావున నొక సంగతి చెప్పవలెను. తెలంగాణములో నిజామాబాదు, జగిత్యాల, కామారెడ్డి ప్రాంతముల వేలకొలది స్త్రీలు ఇంటి అరుగులమీద కూర్చుండి బీడీలు చుట్టుచు సంసారములను నెట్టుకొని వచ్చుచున్నారు. కార్ఖానాకు పోని వీరు కూడ ఉద్యోగులేయనియు, వీరికిని భవిష్యనిధి కలదనియు 1985లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఇంటిలో కూర్చుండి చేసిన పనికి యజమాని వంతును స్త్రీలు హక్కుగా పొందినందున ఆ తీర్పు మనకు జ్ఞాపకముంచుకొనదగినది.

యజమాని వంతు ఎచ్చటికి పోవును?

లెక్కలోనికి వత్తము. ఒక సంస్థలో నొకరికి మూలవేతనమును, కరువుభత్యమును కలిసి నెలకు 15,000 రూపాయలనుకొందము. నూటికి పండ్రెండు చొప్పున వారి వంతు 1,800. యజమాని వంతును 1,800. కాని ఖాతాపుస్తకమున యజమాని పేర 550 మాత్రమే కనబడును. దీనిని చూచి తక్కిన సొమ్ము యజమాని యెగవేసెనని కొందఱు కంగారుపడుదురు. అది పొరపాటు. యజమాని వంతులో నూటికి 8.33 పాలు, అనగా 1,250 రూపాయలు, 1995లో నేర్పడిన పింఛను పథకమునకు పోవును. మిగిలిన 550 మాత్రమే నిధిలో చేరును. ఈ పింఛను వంతును 2014 సెప్టెంబరు 1 నుండి 15,000 రూపాయల వేతనముమీదనే లెక్కించుట నియమము. కావున జీతమెంత పెద్దదైనను దానికి పోవునది సాధారణముగా 1,250 దాటదు.

జీతము 40,000 అయి, యజమాని పూర్తి జీతముమీద వంతు వేయుచున్నచో, ఉద్యోగి వంతు 4,800, యజమాని వంతు 4,800. అందులో 1,250 పింఛనుకు, 3,550 నిధికి. నెలకు నిధిలో చేరునది 8,350. ఐతే 2014 సెప్టెంబరు 1 తరువాత 15,000 మించిన జీతముతో క్రొత్తగా చేరినవారికి పింఛను పథకము లేదు. వారికి యజమాని వంతు అంతయు నిధిలోనే పడును.

ఇచట మఱియొక కిటుకు కలదు. జీతము 40,000 ఐనను, 15,000 మీదనే తన వంతు లెక్కగట్టి నెలకు 1,800 మాత్రమే వేయు యజమానులు కలరు. అది చట్టమునకు విరుద్ధముగాదు. కావున యజమాని మన వంతునకు సరిగా వేయుచున్నాడో, తక్కువ మేరకే వేయుచున్నాడో ఉద్యోగములో చేరుటకు ముందే అడిగి తెలిసికొనవలెను. ఒకే జీతమని కనబడు రెండు ఉద్యోగములలో నెలకు 3,000 రూపాయల తేడా ఇట్లు దాగియుండవచ్చును.

విరుద్ధమైనదియు నొకటి కలదు. తన వంతును కూడ పనిచేయువారి జీతమునుండియే కోయుట. చిన్న విద్యాసంస్థలలో, దుకాణములలో పనిచేయు స్త్రీలు కొందఱు రెండు వంతులును తామే భరించుచున్నారు. యజమాని వంతును ఉద్యోగి జీతమునుండి తగ్గించరాదని నిబంధనలలో స్పష్టముగా నున్నది. ఈ మాట తెలిసినచో అడుగుటకు ధైర్యము కలుగును.

మూడు పరిమితులు

ఇప్పుడు అసలు ప్రశ్న. చెఱువునకు రెండు కాలువలు వచ్చుచున్నవనుకొనుడు. ఒకటి మనది, రెండవది యజమానిది. మన దేశపు నియమములలో నొక్కొక్క కాలువకు నొక్కొక్క తూము పెట్టినారు. ఒక తూములోని నీరు రెండవదానిని అడ్డగింపదు.

మొదటిది మన వంతునకు సంబంధించినది. చట్టప్రకారము తప్పనిసరియగు నూటికి పండ్రెండు గాక, ఉద్యోగి తన యిష్టముచే నెక్కువ వేయవచ్చును. మూలవేతనము, కరువుభత్యము మొత్తమును కూడ వేయుటకు వీలున్నది. ఐతే యజమాని ఆ హెచ్చు సొమ్మునకు సరివంతు వేయనక్కఱలేదు. 2021 ఏప్రిలు 1 నుండి మఱియొక నియమము వచ్చినది. ఉద్యోగి సొంత వంతు సంవత్సరమునకు 2,50,000 రూపాయలు దాటినచో, దాటిన భాగముమీద వచ్చు వడ్డీకి ఆదాయపు పన్ను కట్టవలెను. ఇది వేయుటకు అడ్డుగాదు, పన్నునకు గీత మాత్రమే. ఈ 2,50,000లో యజమాని సొమ్ము ఒక్క రూపాయియు చేరదు.

పై 40,000 జీతగాని లెక్కనే చూడుడు. సొంత వంతు నెలకు 4,800, సంవత్సరమునకు 57,600. గీతవఱకు ఇంకను 1,92,400 చోటు కలదు, అనగా నెలకు సుమారు 16,000. యజమాని 4,800 వేసినను, 1,800 వేసినను ఆ చోటు మారదు. నూటికి పండ్రెండు చొప్పున మాత్రమే వేయువారికి ఈ గీత అడ్డుపడవలెనన్న మూలవేతనము నెలకు 1,73,000 రూపాయలు దాటవలెను. మన మధ్యతరగతి సంసారములకు భయపడవలసిన పనిలేదు.

రెండవది యజమాని వంతునకు సంబంధించినది. భవిష్యనిధి, జాతీయ పింఛను పథకము, సూపరాన్యుయేషను నిధి ఈ మూటికిని కలిపి ఒక సంవత్సరములో యజమాని 7,50,000 రూపాయలకు మించి వేసినచో, మించిన భాగమును ఉద్యోగి జీతముగా నెంచి పన్ను వేయుదురు. ఇది 2020 ఏప్రిలు నుండి వచ్చిన నియమము. భవిష్యనిధికి నూటికి 12, పింఛను పథకమునకు నూటికి 14 చొప్పున యజమాని వేయుచున్నచో, మూలవేతనము నెలకు సుమారు 2,40,000 ఐనప్పుడు ఈ గీత తగులును. హైదరాబాదులోని పెద్ద కంపెనీలలో నున్నతోద్యోగములు చేయు మన బిడ్డలు దీనిని గమనింపవలెను.

మూడవది పన్ను తగ్గింపునకు సంబంధించినది. ఆదాయపు పన్నునకు ఇప్పుడు పాత పద్ధతి, కొత్త పద్ధతి యని రెండు త్రోవలు కలవు. పాత పద్ధతిలో మన సొంత వంతును, జీవిత బీమా, పిల్లల ట్యూషను ఫీజు మొదలగువానితో కలిపి సంవత్సరమునకు 1,50,000 వఱకు ఆదాయమునుండి తీసివేయవచ్చును. కొత్త పద్ధతిలో సొంత వంతునకు ఈ సౌకర్యము లేదు. కాని యజమాని జాతీయ పింఛను పథకమునకు వేయు వంతునకు మాత్రము కొత్త పద్ధతిలోను మినహాయింపు కలదు. 2024–25 నుండి అది ఎల్ల ఉద్యోగులకు జీతములో నూటికి 14 వఱకు వర్తించుచున్నది. చూడుడు, మనము వేసినదానికి తగ్గింపు లేకపోయినను యజమాని వేసినదానికి కలదు. యజమాని వంతు మన చోటును తగ్గింపకపోవుటయే గాక, కొన్ని యెడల మనకు మూసిన తలుపు దానికి తెఱచియుండునని దీనివలన తేలుచున్నది.

యజమాని వంతు లేనిచోట

యజమాని యేమియు వేయని నిధులలో పరిమితి యెట్లుండునని అడుగవచ్చును. దానికి ఉపాధ్యాయుల యిండ్లే ఉదాహరణము. నా భర్తగారు ఉపాధ్యాయులగుటచే మా యింటికి వచ్చు పెద్దలకును, చిన్నవారికిని ఈ విషయమున భేదమెంత గలదో నాకు తెలియును.

2004 సెప్టెంబరు 1కి పూర్వము ఆంధ్రప్రదేశ ప్రభుత్వోద్యోగములో చేరినవారికి సాధారణ భవిష్యనిధి కలదు. ఇందులో ఉద్యోగి మాత్రమే వేయును, ప్రభుత్వము సరివంతు వేయదు. దానికి మాఱుగా పదవీవిరమణానంతరము ప్రభుత్వమే పింఛను నిచ్చును. ఇట్టి నిధులకు వడ్డీపై పన్ను గీత 2,50,000 గాక 5,00,000. యజమాని వంతు లేనందున ఉద్యోగికే రెట్టింపు చోటు నిచ్చినారు. యజమాని వంతు పరిమితినెట్లు మార్చునో చూపుటకు మన దేశమున నింతకన్న స్పష్టమైన తార్కాణము లేదు.

ఆ తేదీ నుండి చేరినవారు సహభాగ పింఛను పథకములోనివారు. రెండు రాష్ట్రములలోను ఉద్యోగి నూటికి పది, ప్రభుత్వము నూటికి పది వేయుట ఇందలి పద్ధతి. జీతము కరువుభత్యముతో 60,000 ఐన 6,000కు 6,000 చేరి నెలకు 12,000 నిధికి పోవును. పాత పద్ధతిలో పన్ను కట్టువారికి సొంత 72,000 మాత్రమే 1,50,000లో లెక్కకు వచ్చును. ప్రభుత్వము వేసిన 72,000కు వేఱుగా మినహాయింపు కలదు. ఇదిగాక సొంతముగా పింఛను పథకమునకు వేయు సొమ్ములో మఱియొక 50,000 వఱకు ఆ 1,50,000కు వెలుపల తగ్గించుకొనవచ్చును. ప్రభుత్వము వేసినది గూడ తమ 1,50,000లోనే పోవునని తలచి, బీమా కట్టుట మాని, పన్ను నెక్కువ కట్టు గురువులు కలరు. లెక్కలు బోధించువారి యిండ్లలోనే ఇట్లుండగా తక్కినవారి మాట చెప్పనేల!

ఏ ఉద్యోగమును లేని గృహిణులకు ప్రజాభవిష్యనిధి కలదు. ఇది 1968లో నేర్పడినది. ఇందులో సంవత్సరమునకు 500కు తక్కువగాక, 1,50,000 మించక వేయవచ్చును. ఇది నిజముగా దాటరాని గట్టు, పన్ను గీతగాదు. ఇందులో యజమాని లేడు. ఉద్యోగపు భవిష్యనిధిలో ఎంత వేసినను ఈ గట్టు మారదు. కావున భర్త నిధి భర్తదిగా నుండగా భార్య తన పేర దీనిని తెఱచి, స్త్రీధనముగా పెంచుకొనవచ్చును.

అమెరికాలోని మన బిడ్డలు

ఇప్పుడు ప్రతి యూరిలోను నాలుగిండ్లకు నొక యింటివారు అమెరికాలో నున్నట్లు తోచుచున్నది. అచ్చటి ఉద్యోగులకు 401–కె యను ఖాతా కలదు. 1978లో నచ్చటి పన్ను చట్టమునకు చేసిన మార్పువలన నిది పుట్టినది. అందును యజమాని వంతు కలదు. కాని మనవలె నందఱకును ఒకే వంతని చట్టము విధింపలేదు. ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క పద్ధతి పెట్టుకొనును. ఉద్యోగి జీతములో నూటికి ఆరు వఱకు వేసినచో అందులో సగము తాము వేయుట తఱచు కనబడు పద్ధతులలో నొకటి.

అచ్చటి నియమము మన నియమమునకు కొంత భిన్నము. మన కాలువకు తూము కలదు. యజమాని కాలువకు వేఱు తూము లేదు. చెఱువు మొత్తమునకు అలుగు కలదు. 2025లో ఉద్యోగి సొంతముగా వేయదగినది 23,500 డాలర్లు, 2026లో 24,500. యజమాని వంతు ఇందులో చేరదు. ఇద్దఱి వంతులును కలిసి ఒక సంవత్సరములో దాటరానిది 2025లో 70,000. 2026లో 72,000 డాలర్లు. ఏబది యేండ్లు నిండినవారికి కొంత అదనపు చోటు కలదు. కావున యజమాని 3,000 డాలర్లు వేసెనని మన 24,500లో 3,000 తగ్గించుకొననక్కఱలేదు. యజమాని వంతును అలుగు వఱకు పెరిగినవారు బహు స్వల్పము.

పరిమితి గూర్చిన మఱియొక చిక్కు మాత్రము గమనింపదగినది. నెలకు 10,000 డాలర్ల జీతగాడు తొందరపడి మొదటి ఐదు నెలలలోనే నెలకు 4,900 చొప్పున 24,500 వేసివేసెననుకొందము. పైన చెప్పిన పద్ధతిలో యజమాని ప్రతి జీతముతోను గరిష్ఠముగా 300 వేయును. ఐదు నెలలకు 1,500 పడును. ఆఱవ నెలనుండి ఉద్యోగి వేయుటకు చోటు లేదు గావున యజమానియు వేయడు. మిగిలిన ఏడు నెలల 2,100 డాలర్లు పోవును. సంవత్సరాంతమున లెక్కసరిచూచి ఆ లోటు పూరించు సంస్థలు కొన్ని కలవు, అన్నియు గావు. తినగల నోరుండియు విస్తరి ముందునుండి ముందుగా లేచినట్లగును. నెమ్మదిగా పండ్రెండు నెలలకును పంచి వేసికొన్నచో ఈ నష్టము లేదు.

సంవత్సరము నడుమ ఉద్యోగము మాఱినవారికి సొంత తూము ఒకటే. ఇద్దఱు యజమానులైనను 24,500కు మించరాదు. క్రొత్త యజమానికి పాత లెక్క తెలియదు, ఉద్యోగియే చెప్పుకొనవలెను. మఱియు యజమాని వంతుపై వెంటనే హక్కు రాకపోవచ్చును. కొన్ని సంస్థలలో మూడేండ్లు నిండినగాని దక్కదు. కొన్నింట ఆఱేండ్ల వఱకు మెట్లు మెట్లుగా దక్కును. అంతకు ముందే మానినచో దక్కని భాగమును ఉద్యోగి కోలుపోవును. మన దేశపు భవిష్యనిధిలో నట్టి కోత లేదు.

అచ్చట ఉద్యోగము లేక యింటిపట్టున నుండు కోడండ్రు, కూతుండ్రు చాలమంది కలరు. భార్యాభర్తలు కలిసి పన్ను లెక్క దాఖలు చేసినచో, భర్త సంపాదనమునుండి భార్య పేర వేఱుగా విశ్రాంతి ఖాతా నడుపుకొనవచ్చును. దీని పరిమితి 2026లో 7,500 డాలర్లు. భర్తకు యజమాని ఎంత వేసినను ఈ పరిమితి మారదు. మఱియు 401–కెలో భర్త మరణించినచో సొమ్ము భార్యకే చెందును. ఆమె వ్రాతమూలకమైన సమ్మతి లేక వేఱొకరి పేర వ్రాయుటకు వీలులేదని 1984నాటి చట్టము రక్షణ కల్పించినది.

ఇల్లాలు చేయవలసిన పనులు

పరిమితులు తెలిసికొన్నంత మాత్రమున చాలదు. నిధి నిండినను అది ఎవరి పేర నున్నదో తెలియనిచో ఫలమేమి? వివాహమునకు ముందు తల్లిదండ్రులనో, సోదరులనో నామినీగా వ్రాసి, పిమ్మట మఱచినవారు పెక్కుమంది. కుటుంబము లేనప్పుడు వ్రాసిన నామినేషను వివాహమైన పిమ్మట చెల్లదని భవిష్యనిధి నియమము. క్రొత్తది వ్రాయనిచో కాలము చెల్లినప్పుడు ఇల్లాలు కాగితములు పట్టుకొని కార్యాలయముల చుట్టు తిరుగవలసివచ్చును. దుఃఖసమయమున నంతకన్న కష్టము లేదు.

యజమాని వంతులో నింకొక భాగము కూడ స్త్రీలకై యున్నదని చెప్పవచ్చును. భవిష్యనిధితోడనే ఒక బీమా కలదు. దీనికి ఉద్యోగి యేమియు కట్టడు, యజమానియే కట్టును. ఉద్యోగములో నుండగా మరణించినచో 2021నాటి నియమము ప్రకారము కుటుంబమునకు గరిష్ఠముగా 7,00,000 రూపాయలు వచ్చును. పింఛను పథకమునుండి భార్యకును, పిల్లలకును నెలసరి పింఛను వేఱుగా వచ్చును. ఈ బీమాను గూర్చి అడుగక వదలుకొన్న కుటుంబములు కలవు. మఱియు నీ నిధిని అప్పులవారు కోర్టు డిక్రీతో జప్తు చేయరాదు. భర్త చేసిన అప్పులకు భయపడి ఈ సొమ్మును వదలుకొనవలసిన పనిలేదు.

ఉద్యోగము చేయు స్త్రీలకు చెప్పవలసినది మఱొకటి కలదు. వివాహమనియు, ప్రసవమనియు, భర్తకు బదిలీయనియు పని మానినప్పుడు నిధిని మొత్తము తీసికొని పెండ్లి ఖర్చులలోనో, ఇంటి మరమ్మతులలోనో కలుపుట మన వాడుక. ఐదేండ్ల సేవ నిండకయే తీసికొన్న సొమ్ముకు పన్ను తగులును. పింఛనునకు పదియేండ్ల సేవ నిండవలెను. ఏడేండ్లు చేసి పింఛను వంతును కూడ తీసివేసికొన్నచో ఆ యేడేండ్లును పోయినట్లే. తీసికొనక ధ్రువపత్రము పొందియుంచుకొన్నచో, పిల్లలు పెద్దవారైన పిమ్మట మరల ఉద్యోగము చేయునప్పుడు ఆ యేడును క్రొత్త సేవతో కలియును. 15,000 వేతనముమీద పదియేండ్ల సేవకు నెలకు సుమారు 2,140, ముప్పదియైదేండ్లకు 7,500 పింఛను వచ్చును. ఇది పెద్ద సొమ్ముగాదు. కాని వార్ధక్యమున కొడుకును గాని కోడలిని గాని అడుగక తన మందులు తాను కొనుక్కొనగల స్త్రీకి అది స్వల్పమునుగాదు.

కావున సోదరీమణులారా, ఈ నెల జీతపు చీటీ యింటికి వచ్చినప్పుడు నాలుగు సంగతులు చూడుడు. మన వంతు ఎంత? యజమాని వంతు ఎంత, అది పూర్తి జీతముమీదనా, 15,000 మీదనా? సొంతముగా నెక్కువ వేయుటకు ఇంకను ఎంత చోటు కలదు? నామినీగా ఎవరి పేరున్నది? 2014 నుండి ప్రతి సభ్యునకు యూఏఎన్ అను పండ్రెండంకెల సంఖ్య కలదు. దానితో ఖాతాపుస్తకమును ఫోనులోనే చూడవచ్చును. భర్తను గాని, కుమారుని గాని ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఒక్కమాఱు చూచినచో చాలును. యజమాని వంతును అడిగి తీసికొనుటలో గౌరవలోపమేమియు లేదు. అది దానముగాదు; చేసిన పనికి ఆలస్యముగా చేతికి వచ్చు జీతము.